మేనత్త కట్టిన బొకే

మా మేనత్త ఏ పువ్వునూ వాసన చూసేది కాదు. కాడ పట్టుకొని దులిపి, "ఎన్ని పొద్దులుంటది?" అని అడిగేది.

నా పెళ్లప్పుడు ప్రత్యేక తెలంగాణ కోసం సమ్మె. బస్సుల్లేక, మేం చెప్పిన గులాబీల బొకే మరిపెడకు రాలేదు. అత్త ఊరవతల చెలకలోకి వెళ్లి, ఎంత దులిపినా రాలని గునుగుపూలు ఏరి బొకే కట్టింది. రిసెప్షన్‌లో అదే పట్టుకున్నాను.

మర్నాడు ఆమె దాన్ని దూలానికి తలకిందులుగా వేలాడదీస్తుంటే అమ్మ అడ్డుపడింది.

"బతుకమ్మ పువ్వును నీళ్లల్ల ఇడువాలె గని ఇంట్ల దాస్తరా, వదినా?"

"ఇడుస్త తియ్యి. తెలంగాణ రానియ్యి."

అందరం నవ్వాం.

రాష్ట్రం వచ్చిన రోజు అత్త స్టూలెక్కి దాన్ని దించింది. రంగు వెలిసిపోయింది కానీ బొకే చెదరలేదు. ఈసారి ఆమె దులపలేదు. రెండు చేతులా పట్టుకొని, "ఇగ పా బిడ్డా, బాయికాడికి పోదాం" అంది.