చెక్క లేని చోట గీసిన గీత

ఏడేళ్లుగా ఒక మాట మింగలేక, కక్కలేక బతుకుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదు.

మాది కోనసీమ. వేటకు వెళ్లే ఫైబర్ బోట్లు చేస్తూ పని నేర్చుకున్నాను. ఆ పనే నన్ను కువైట్ తీసుకొచ్చింది. షువైఖ్‌లో ఒక గ్యారేజీలో కారవాన్లకు ఫైబర్ గుల్ల, అంటే గోడలూ కప్పూ, పోసేవాణ్ణి. చలికాలం వస్తే ఇక్కడివాళ్లు కుటుంబాలతో ఎడారికి వెళ్లి గుడారాలు వేసుకుంటారు. బండి వెనక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇల్లు మేం చేసేది. నన్ను అందరూ మాస్టర్ అనేవారు. మాస్టర్ పోసిన గుల్లలోకి నీటిచుక్క దూరదని గ్యారేజీలో చెప్పుకునేవారు. ఆ మాట విన్నప్పుడల్లా ఛాతీ ఉబ్బేది. ఆ ఉబ్బు లేకపోతే ఇది రాయాల్సిన అవసరమే వచ్చేది కాదేమో.

పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. అచ్చులో ఫైబర్ మ్యాట్ పరిచి, రెసిన్ పూసి, రోలర్‌తో గాలి బుడగలు నొక్కేస్తాం. పొర మీద పొర. కప్పు మీద ఏసీ కూర్చునే చోట మాత్రం రెండు పొరల మధ్య మందపాటి ప్లైవుడ్ చెక్క పెట్టాలి. ఫైబర్ గట్టిదే. కానీ బియ్యం బస్తా అంత బరువును మోస్తూ, గతుకుల్లో ఊగుతూ వట్టి ఫైబర్ నిలబడదు. బోల్టు పట్టుకోవాల్సింది చెక్కని. పై పొర పడ్డాక ఆ చెక్క ఎవరికీ కనపడదు. అందుకని గుల్ల పోసినవాడే, చెక్క ఉన్నంత మేర లోపలివైపు పెన్సిల్‌తో గీత గీస్తాడు. ఏసీ బిగించేవాడు ఆ గీతను నమ్మి డ్రిల్లు పెడతాడు. కాగితాలు లేవు, సంతకాలు లేవు. గీత గీశామంటే మాట ఇచ్చినట్టే.

సీజన్ ఇంకా మొదలుకాలేదు. ఎండ తగ్గలేదు. ఆ వేడికి రెసిన్ పాకంలా ముదిరిపోతుంటే ఉరుకులు పరుగుల మీద పొరలు వేశాను. చేతులు తుడుచుకుంటూ వెనక్కి తిరిగి చూస్తే చెక్క గోడకు ఆనించి ఉంది. నేనే కోసి, నేనే అంచులు నున్నగా గీకి పెట్టిన చెక్క. మరిచిపోయాను.

మరిచిపోవడం నేరం కాదు. గ్రైండర్‌తో పై పొర కోసేసి, చెక్క పెట్టి, మళ్లీ పొయ్యాలి. ఒక్క రోజు పని. కానీ గ్రైండర్ మోత వింటే అందరూ వచ్చి చూస్తారు. మాస్టరే చెక్క మరిచిపోయాడని నవ్వుకుంటారు. నేను ఆ నవ్వుకు భయపడ్డాను. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఏడేళ్లుగా వెతుకుతున్నాను. మా యజమాని కఫీల్ తొందరపెట్టాడా? లేదు. ఒంట్లో బాగాలేదా? బాగానే ఉంది. ఆ చెక్కను రెండు ముక్కలు చేసి అదే కారవాన్‌లో వంటింటి అల్మరాకు అరలుగా వేసేశాను. తర్వాత పెన్సిల్ తీసుకుని, టేపుతో కొలిచి, నాలుగు వైపులా గీత గీశాను. లేని చెక్కకు అంత కచ్చితమైన కొలత ఎందుకు?

ఏసీ బిగించేవాడి పేరు ఓబులేసు అనుకోండి. అన్నమయ్య జిల్లావాడు, నాకంటే పదేళ్లు చిన్న. దేన్నైనా రెండుసార్లు చూస్తేగాని చెయ్యి పెట్టని మనిషి. వేలి కణుపుతో కప్పును తట్టి చూశాడు.

"న్నా, సప్పుడు బోలుగా ఉండాదే. లోపల చెక్క ఉందా?"

"గీత గీశానా లేదా?"

"గీసినావు."

"మరింకేంటి నీ అనుమానం? బిగించెయ్."

"నువ్వు చెప్పినాక ఇంగేముందిలేన్నా," అని నిచ్చెన ఎక్కాడు.

చలికాలమంతా ఏమీ కాలేదు. చెప్పడానికి నాకు నాలుగు నెలలు దొరికాయి. చెప్పలేదు. ఏమీ కాలేదు కాబట్టి ఇక ఏమీ కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మార్చిలో ఎండలు మొదలై, ఎడారిలో ఏసీ పొద్దస్తమానం నడిచింది. ఆ అదురుకు ఒక మధ్యాహ్నం కప్పు చిరిగి ఏసీ లోపలికి పడింది. కింద పిండి కలుపుతున్న పనిమనిషి చేతి మీద పడింది. ఆ కారవాన్ కొన్న జహ్రా కుటుంబం ఇంట్లో పనిచేసే మన తెలుగామె. ప్రాణానికి ప్రమాదం లేదన్నారు. కుడిచేతి వేళ్లు మాత్రం మళ్లీ ముడుచుకోలేదు. పిండి కలపలేని మనిషిని ఆ ఇంటివాళ్లు ఎన్నాళ్లు ఉంచుకుంటారు? రెండు నెలల్లో ఊరికి పంపేశారు.

కఫీల్ ఏం జరిగిందో చూసి రమ్మని నన్నే పంపాడు. మాస్టర్ని కదా. వెళ్లి చూశాను. చిరుగులో రెండు పొరల ఫైబర్ ఉంది, చెక్క లేదు. ఎవరైనా చూస్తే తెలిసిపోయేది. మరమ్మతు పేరు చెప్పి ఆ అంచులన్నీ కోసి పారేశాను. ఆ రోజు గ్రైండర్ మోతకు భయం వెయ్యలేదు. తిరిగొచ్చి, బోల్టులు అతిగా బిగించడం వల్ల ఫైబర్ చిట్లిందని చెప్పాను. మొదటిది మరుపు అనుకుందాం. దీన్ని ఏమనాలి?

అన్నిటికంటే బరువైనది ఇంకా చెప్పలేదు. ఓబులేసు ఆ మాట నమ్మాడు. నాతో వాదిస్తాడనుకున్నాను, చెక్క సంగతి అడుగుతాడనుకున్నాను. నేను చెప్పానంటే నిజమే అయి ఉంటుందనుకున్నాడు. ఆసుపత్రికి వెళ్లి, ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని, తన చేతులే ఆ పని చేశాయని చెప్పి ఏడ్చాడు. నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. అతని ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, కాన్సిల్ చేసి ఊరికి పంపేటప్పుడు, కేసు పెట్టకుండా కఫీల్‌కు నచ్చజెప్పింది నేనే. అందుకు నా చేతులు పట్టుకుని దండం పెట్టాడు. ఆ దండాన్ని నేను తీసుకున్నాను.

ఇప్పటికీ ఫోన్ చేస్తుంటాడు. ఊళ్లో చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. పోయిన వారం మాటల్లో, ఇంట్లో ఫ్యాను బిగించడానికి పక్క వీధి నుంచి మనిషిని పిలిపించానని చెప్పాడు. తన చేత్తో బిగించిన దాని కింద పెళ్లాం పిల్లలను పడుకోబెట్టలేడట. నవ్వుతూనే చెప్పాడు.

మొన్న వాయిస్ మెసేజ్ పెట్టాను. ఫోన్ చేసి చెప్పేంత గుండె లేదు. చెక్క, గీత, కోసి పారేసిన అంచులు, ఒక్కటీ దాచలేదు. ఇందులో నా గొప్పతనం ఏమీ లేదని మీరు గమనించే ఉంటారు. గ్యారేజీ మూతపడింది. వచ్చే నెల నేనూ లెక్కలు తేల్చుకుని, ఖలాస్ చేసుకుని ఊరికి వెళ్లిపోతున్నాను. పోగొట్టుకోవడానికి ఏమీ మిగలనప్పుడు చెప్పాను.

విన్నాడు. నిన్న జవాబు వచ్చింది. తిట్టలేదు, క్షమించానని అనలేదు. ఆమె పేరు, ఊరు, ఫోన్ నంబరు పంపాడు. అంతే. ఏడేళ్లలో నేను ఆమె పేరైనా కనుక్కోలేదని అప్పుడు తెలిసొచ్చింది.

చెప్పాక గుండె తేలికపడింది. ఆ మాట అనడానికే సిగ్గుగా ఉంది, అయినా నిజం. పొద్దుటి నుంచి ఆ నంబరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. చేస్తాను. ఎత్తితే ఆమె ఎడమచేత్తోనే ఎత్తాలి.