ఇద్దరి హార్మోనియం

ఆదోనిలో రిటైరైనవాళ్ల సంగీతం క్లాసుకు యేసేపు రోజూ అందరికన్నా ముందే వచ్చి, హార్మోనియాన్ని తువ్వాలుతో తుడిచేవాడు. అతని కుడిచేతి వేళ్లు పత్తిమిల్లు యంత్రంలో పోయాయి. ఎడమచేత్తో తిత్తి ఆడించగలడు కానీ మెట్లు నొక్కలేడు. మెట్లు అదే క్లాసుకు వచ్చే సుంకప్ప నొక్కేవాడు. పక్షవాతంతో అతనికి ఎడమచేయి పడిపోయింది.

"గాలి గట్టిగా కొట్టప్పా, బువ్వ తినలేదా?" అనేవాడు సుంకప్ప.

"నీ పాటకు ఈ గాలి సాలు లేప్పా," అనేవాడు యేసేపు.

వార్షికోత్సవంలో ఒక్క పాటైనా వాయించాలని ఇద్దరికీ ఆశ. సరిగ్గా వార్షికోత్సవం వారంలోనే సుంకప్ప మళ్లీ పక్షవాతం వచ్చి చనిపోయాడు. మాస్టరు హార్మోనియం ముందు ఇంకొకాయనను కూర్చోబెట్టాడు. ఆయనకు రెండు చేతులూ బాగున్నాయి.

ఇప్పుడు ఆ క్లాసులో యేసేపు చాపలు పరుస్తాడు.