చినిగిన చెవి, కోసిన చెవి

ఎల్ ఇయెర్రో దీవిలో మేకకు గుర్తు చెవికోత. ఏ ఇంటి కోత ఆ ఇంటిదే. ఏటా మందలన్నిటినీ రాతిదొడ్డిలోకి తోలినప్పుడు, మేకల కాపరి సిన్ఫొరియానో గోడమీద కూర్చునే ఏవి ఎవరివో విడదీసేవాడు. ముళ్లకు చీరుకున్న చెవిని చూసి ఎవరైనా తమ మేకే అంటే ఒప్పుకునేవాడు కాదు. చినిగిన చెవి వేరు, కోసిన చెవి వేరు అనేవాడు.

ఆయన కూతురు ఒబ్దూలియా చదువుకుని తిరిగొచ్చింది. కొండచరియల్లో అంతరించిపోతున్న పెద్ద బల్లులను పెంచి వదిలే కేంద్రంలో చేరింది. బల్లి నెత్తుటి చుక్కను గాజుపలకపై పరిచి, మైక్రోస్కోపు కింద పెట్టి, అందులోని పరాన్నజీవి ఏ జాతిదో తేల్చడం ఆమె పని.

"మనకి జ్వరమొస్తే డాక్టరు పడవెక్కి రావాలి. బల్లులకి మాత్రం ఇంట్లోనే ఉంది డాక్టరు" అని ఆమె మేనత్త ఫెర్మీనా ఊరంతా చెప్పుకు తిరిగేది.

తండ్రి చనిపోయిన చలికాలంలోనే ఆ గొడవ వచ్చింది. కేంద్రం పెద్ద ఎసెకియెల్ సముద్రం అవతలి పెద్దభూమి నుంచి వచ్చినవాడు. నెత్తుట్లో వంకర అరటికాయలాంటి జీవిని చూసి, ఇది తమ వైపు బల్లుల్లో ఉండేదేనని, ఎవరో తెచ్చి ఇక్కడ అంటించారని తేల్చేశాడు. మందు పెట్టి దాన్ని నిర్మూలించాకే బల్లులను కొండకు వదులుతామన్నాడు. అంతకుముందు ఏడాది అదే మందుకు ముసలి బల్లులు మేత మాని ఎండిపోయి చచ్చాయి. వాటిని పూడ్చింది ఒబ్దూలియానే.

ఆమె మళ్లీ పలకలు పెట్టి చూసింది. పెద్దభూమి జీవి తాను దూరిన నెత్తుటికణంలోని గింజను, అంటే కేంద్రకాన్ని, ఓ మూలకు నెట్టేస్తుంది. ఇక్కడిదేమో గింజను కదపకుండా పక్కన ఒత్తిగిలి పడుకుంది. ఆకారం ఒకటే, అలవాటు వేరు.

"ఇది మీది కాదు, ఎసెకియెల్ గారూ. బల్లితోపాటు పుట్టిపెరిగిన మా జీవి ఇది. బల్లి పోతే ఇదీ పోతుంది. దాని పేరు తేలేదాకా నేను మందు పెట్టను, పెట్టనివ్వను."

"బల్లులు చస్తేనో?"

"ఈ బోనులోని బల్లుల జంటను మందు లేకుండా వదిలెయ్యండి. ఎండాకాలంలోగా చస్తే ఉద్యోగం మానేసి మేకలు కాసుకుంటా."

ఆయన విసుక్కుంటూనే ఒప్పుకుని, మిగతావాటికీ అప్పటిదాకా మందు ఆపాడు. అత్త మాత్రం, "మేకలన్నీ అమ్మేశాం కదే, ఏం కాస్తావు?" అంది. ఒబ్దూలియా వేయించిన ధాన్యంతో చేసిన గొఫియో పిండిముద్ద నోట్లో వేసుకుంది. వసంతమంతా పొద్దున్నే వెళ్లి ఆ బోను ముందు నిలబడేది. తండ్రి మంచం పక్కన కూడా అలాగే నిలబడింది. అప్పుడు ఆమె చేతిలో ఏమీ లేకపోయింది.

ఎండలు ముదిరేసరికి ఆడబల్లి బోనులో మట్టి తవ్వి గుడ్లు పెట్టింది. మగది రాతిమీద కడుపు పరిచి, దగ్గరికి వచ్చిన ఎసెకియెల్ మీద నోరు తెరిచి బుసకొట్టింది. నెత్తుట్లో ఆ జీవులు అలాగే ఉన్నాయి.

ఆ వారమే బల్లులన్నిటినీ మందు లేకుండా కొండకు వదిలారు. గోనెసంచి మూతి విప్పింది ఒబ్దూలియా. దిగొస్తూ ఎసెకియెల్, ఆ జీవికి నీ పేరే పెట్టుకో అన్నాడు.

"గుర్తులేని మేక దొరికితే మా నాన్న ఆ రోజే చెవి కోసేవాడు కాదు. దీన్నీ ఇంకా చూడాలి" అని ఆమె ముందుకు నడిచింది.