ఉపవాసమేనా అని అడిగాను

ప్రభువుకు స్తోత్రం. ఊపిరిచ్చినందుకు, ఇన్నేళ్ళు నన్ను ఓర్చుకున్నందుకు, ఈ ఉదయం కలం పట్టే ధైర్యం ఇచ్చినందుకు ఆయనకే మహిమ.

తొమ్మిదేళ్ళుగా ఒక మాటను మోస్తున్నాను. సంఘంలో సాక్ష్యం చెప్పడానికి ఎన్నోసార్లు లేచాను. ఇది తప్ప అన్నీ చెప్పాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది నందిగామ. ల్యాబ్ టెక్నీషియన్ చదివి ఖాళీగా ఉన్న రోజుల్లో, ఒక వైద్య విశ్వవిద్యాలయం వాళ్ళు పల్లెల్లో షుగరు జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టి, రక్తం తీయడానికి నన్ను తీసుకున్నారు. ఆ పరిశోధన నడిపిన డాక్టరు మేడమ్‌ను నాకిచ్చినందుకు దేవుణ్ణి ఈనాటికీ స్తుతిస్తాను. ముసలివాళ్ళ చేతుల్లో దొరకని నరాన్ని వేలితో తడిమి ఎలా పట్టుకోవాలో, సూది గుచ్చే ముందు మనిషిని ఎలా పలకరించాలో ఆవిడే నేర్పారు. ఎండలో మాతోపాటే నడిచేవారు. మా డబ్బాలోంచే పచ్చడి వేసుకునేవారు.

ఆవిడ గట్టిగా పట్టుబట్టిన నియమం ఒకటే. రక్తం పరగడుపున తీయాలి. తీసేముందు, చివరగా ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు అని అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు ఫారంలో రాయాలి.

నేను అలా అడగలేదు. "ఉపవాసమేనా?" అనేదాన్ని. ఔనంటే "రాత్రి ఎనిమిది" అని రాసేసేదాన్ని. మా ఇంట్లో ఉపవాస ప్రార్థన అంటే మంచినీళ్ళు కూడా ముట్టం. ఆ మాటకు ఇంకో అర్థం ఉంటుందని తోచలేదు. అది తెలియనితనం, ఒప్పుకుంటాను. కానీ అడగని ప్రశ్నకు జవాబు రాయడం? అదీ తెలియనితనమేనా? కాదు. పని త్వరగా తెమలాలనుకున్నాను.

జగ్గయ్యపేట దాటాక గరికపాడు వైపు ఉన్న ఒక ఊరికి శనివారాలు వెళ్ళేవాళ్ళం. అక్కడ వెంకాయమ్మగారని మిరపతోటల్లో కూలికి వెళ్ళే పెద్దావిడ ఉండేవారు. నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఆవిడ రక్తంలో చక్కెర ఎక్కువగా వచ్చింది. ఆ ఊళ్ళో చాలామందికి అలాగే వచ్చింది. మేమిచ్చిన కాగితం చూసి ఊరి వైద్యుడు ఆవిడకు బిళ్ళలు మొదలుపెట్టాడు.

రెండు నెలల తర్వాత మరో శనివారం పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉప్మా తింటున్నారు.

"ఇవాళ ఉపవాసం లేదా పిన్నిగారూ?"

"ఉపవాసమేగా! వెంకన్న వారం. అన్నం మెతుకు ముట్టానా ఏంటి? ఒట్టి ఉప్మా. మీవాళ్ళు మంచినీళ్ళు కూడా తాగరంటగా? మీ దేవుడు మరీ ఎండబెడతాడే అమ్మాయ్!"

నవ్వారు. నేనూ నవ్వబోయాను.

"మరి నేను రక్తం తీసిన రోజు?"

"ఆ రోజు ఇంకో గరిటె ఎక్కువే తిన్నా. నువ్వు సూది పొడిస్తే కళ్ళు తిరిగి పడ్డాననుకో, ఎవరు లేపుతారు?"

అప్పుడు నాకు అంతా అర్థమైంది. బిళ్ళలు ఆపండి, మళ్ళీ చూద్దాం అని ఒక్క ముక్క అంటే చాలు. అనలేదు. అంతకు ముందురోజే మేడమ్ అందరి ముందూ నా ఫారాలు ఎత్తి చూపించి, ఈ అమ్మాయి రాతలో తప్పుండదన్నారు. ఆ పేరు పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. వస్తా పిన్నిగారూ అని లేచాను.

పది రోజులకు ఆవిడ మిరపచేలో పడిపోయారు. పేట ఆసుపత్రికి తీసుకెళితే, చక్కెర బాగా పడిపోయిందని సెలైన్ ఎక్కించి, మళ్ళీ పరీక్ష చేసి, అసలు షుగరే లేదని బిళ్ళలు మాన్పించారు. ఆవిడ బతికారు. దేవునికి స్తోత్రం, ఇంత మనస్ఫూర్తిగా నేను ఏ స్తోత్రమూ చెప్పలేదు. ఊరంతా ఆ వైద్యుణ్ణి తిట్టింది. నేను వింటూ నిలబడ్డాను.

తర్వాత మేడమ్ పరిశోధన అచ్చయింది. ఆ ఊళ్ళో చక్కెర ఎందుకింత ఎక్కువో తెలియడం లేదని రాశారు. చివర నాకు పేరుపెట్టి కృతజ్ఞతలు చెప్పారు. ఆ కాగితం చూసి పాస్టరుగారు నన్ను సంఘంలో నిలబెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. అబద్ధసాక్ష్యం కూడదని సండేస్కూలు పిల్లలకు పాఠం చెప్పే నేను, తలవంచి ఆ చప్పట్లు పుచ్చుకున్నాను. ఆ ఊళ్ళో మిగతావాళ్ళ మాటేమిటి? ఎవరెవరు బిళ్ళలు వాడారు? నేను ఎన్నడూ వెళ్ళి అడగలేదు.

పోయిన వారం మేడమ్ ఫోన్ చేశారు. మళ్ళీ అవే ఊళ్ళలో పరిశోధనట. కొత్తగా చేరేవాళ్ళకు నేనే నేర్పాలట, నా పాత ఫారాలనే నమూనాగా చూపిద్దామన్నారు.

నిన్న ఆవిడకు అంతా రాసి పంపాను. ఆ శనివారం ఫారాలేవీ నమ్మవద్దని రాశాను. జవాబు రాలేదు. రాకపోయినా అడిగే హక్కు నాకు లేదు. ఈ శనివారం వెంకాయమ్మగారి దగ్గరికి వెళుతున్నాను. ఆవిడ ఏమంటారో తెలియదు. చెప్పేశానన్నది ఒక్కటే ఇప్పటికి నాకు దక్కింది. దానికే ఊపిరి కాస్త లోతుగా అందుతోంది. ఇన్నేళ్ళూ నా మనసును మొద్దుబారనివ్వనందుకు ప్రభువుకు వందనాలు.

మీరు ప్రార్థించేవారైతే, ఒక్క నిమిషం నాతో కళ్ళు మూసుకోండి. నా కోసం కాదు. ఆ ఊళ్ళో అక్కర్లేని బిళ్ళలు ఇంకా మింగుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ గడప నాకు చూపించమని అడగండి.