సొరంగం వాకిట్లో సైనికుడు

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ చేస్తే మా క్వార్టర్ కిటికీ అద్దాలు గలగలమంటాయి. ఆ వానాకాలం మాత్రం ఏ మోత గనిదో, ఏది టీవీలోదో నాకు తెలిసేది కాదు. వంటింట్లో చాయ్ కాస్తుంటే రెండూ ఒకే యుద్ధంలా వినిపించేవి.

టీవీ ముందు మా ఆయన. నాకు మేనబావ, పెళ్లయి ఇన్నేళ్లయినా బావా అనే పిలుస్తాను. గోదావరిఖనిలో భూగర్భ బొగ్గు గనిలో పని. ఎండాకాలంలో గని పైకప్పు కూలి కాలు రాళ్ల కింద ఇరుక్కుంది. తోటివాళ్లు బయటికి లాగేదాకా చీకట్లోనే ఉన్నాడట. ఎంతసేపో తనూ చెప్పడు, నేనూ అడగను. కాలు అతుక్కుంది. దవాఖానలో ఫిట్ అని రాసిచ్చారు. సోమవారం నుంచి మళ్లీ కిందికి దిగాలి.

ఇంట్లో ఉన్నన్నాళ్లూ బావకు టీవీలో ఆడే తుపాకుల ఆటే లోకం. ఆ ఆట ఏటా కొత్తది వస్తుంది. కొన్నేళ్లుగా అందులో మనుషులు గోడల మీద పరుగెత్తి, గాల్లో ఎగిరి, చుక్కల్లోకి పోయి మరీ కాల్చుకునేవారు. చూస్తే నాకు తల తిరిగేది. ఈసారి తయారుచేసినవాళ్లకు బుద్ధి వచ్చినట్టుంది, ఆటను మళ్లీ ఎప్పటిదో ప్రపంచ యుద్ధానికి తీసుకుపోయారు. బురద, ముసురు, బరువు తుపాకి, తడిసిన కోటు. కాల్పులు ఆగినప్పుడు పొగమంచులో ఒక ఆవు నిలబడి ఉండేది. నాకు ఆ ఆవంటే ఇష్టం. బీరకాయ చెక్కు తీస్తూ దాన్నే చూస్తుంటే నేనూ ఆ తడి పొలంలోనే ఉన్నట్టు, మా వాకిట్లో కురిసేదీ అక్కడి వానే అయినట్టు ఉండేది.

ఆ పొలం చివర ఒక సొరంగం. మొద్దుల ఆసరాతో నిలిచిన కప్పు, లోపల నీళ్లు కారుతున్న చప్పుడు. బావ ఆడించే సైనికుడు అక్కడిదాకా దూసుకుపోయి, వాకిట్లో ఆగిపోయేవాడు. వెనక నుంచి వాళ్ల సైన్యం దొర పదమని ఇంగ్లీషులో మొత్తుకునేవాడు. బావ రిమోట్ కింద పెట్టి "జర చాయ్ పొయ్యవా" అనేవాడు. రోజూ ఇదే తంతు.

"నువ్వు లోపలికి పోయేసరికి యుద్ధం అయిపోయి అందరు ఇండ్లకు పోతరు బావా," అని ఒకరోజు ఎగతాళి చేశాను. నవ్వలేదు. చాయ్ గ్లాసు పక్కన పెట్టి ఆ సొరంగం కప్పు వంకే చూస్తున్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. సోమవారాన్ని తలచుకుని నాకూ భయమేసింది. బావ గనికి పోలేకపోతేనే బాగుండునని కూడా అనిపించింది, దాచడమెందుకు. కానీ ఇన్నేళ్లు గనిలో దిగిన మనిషి ఒక బొమ్మ సొరంగం ముందు చెమటలు పట్టి కూర్చుంటే చూడలేకపోయాను.

ఆదివారం వెళ్లి చాప మీద పక్కన కూర్చున్నాను. "ఏమైతంది బావా, చెప్పు."

టీవీలో సొరంగం వాకిలి చూపించి అన్నాడు. "ఈడ మైసమ్మ లేదే. మొక్కకుంట లోపలికి ఎట్ల పోవాలె?"

మా దగ్గర గని ముందు, గనిని కాచే మైసమ్మ గుడి ఉంటుంది. ఎంత ఆలస్యమైనా టోపీ తీసి దండం పెట్టకుండా దిగరు. నాకు నవ్వు రాలేదు.

"ఆ పిలగానికి కూసునే బటన్ లేదా?" అన్నాను.

"ఉన్నది."

"మరి కూసుండబెట్టు. మనసుల మనం మొక్కుదాం."

సైనికుడు బురదలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. దొర అరుస్తూనే ఉన్నాడు. కాసేపు ముగ్గురం అలాగే ఉన్నాం. తర్వాత బావ వాణ్ణి లేపి, అడుగడుగుకూ కప్పు వంక చూపిస్తూ మెల్లగా లోపలికి నడిపించాడు. సగం దారిలో, చీకట్లో ఆపేశాడు. "ఇయ్యాలటికి సాలు. రేపు డ్యూటీ ఉన్నది," అన్నాడు.

సోమవారం ఫస్టు షిఫ్టుకు పోయాడు. నేను బట్టలు ఉతికాను, పప్పు మాడబెట్టాను, వాకిలి రెండుసార్లు ఊడ్చాను. మధ్యాహ్నం కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఆ మోత బ్లాస్టింగ్‌దేనని తెలుసు, అయినా చీపురు పక్కన పడేశాను. పోయి టీవీ పెట్టాను. సైనికుడు నిన్న ఆపిన చోటే ఉన్నాడు, చీకట్లో, ఒక్కడే. నాకు ప్రాణం ఉండబట్టలేదు. బటన్లు తెలియవు. గోడలకు గుద్దుకుంటూ, ఒకసారి పొరపాటున కప్పును కాల్చి, ఎలాగో వెనక్కి తిప్పి వాణ్ణి బయటికి తెచ్చాను. ఆవు కనిపించే చోట కూర్చోబెట్టాను.

షిఫ్టు దిగి బావ వచ్చాడు. ఎంత కడుక్కున్నా కళ్ల అంచుల్లో కాటుక పెట్టినట్టు బొగ్గు. గుమ్మంలోనే నిలబడి టీవీ వంక చూశాడు.

"సగం దూరం పోయినోన్ని ఎనుకకెందుకు తెచ్చినవే?"

"నువ్వు పైకొచ్చేదాక వాన్ని లోపట ఉంచుడు నాతోని కాలే బావా."

బావ బూట్లు కూడా విప్పకుండా వచ్చి చాప మీద నా పక్కన కూర్చున్నాడు. చాలాసేపు ఇద్దరం ఆ ఆవును చూశాం.