పిస్టన్ అంచుకు పూయని గ్రీజు

యుద్ధం రోజుల్లో పుంగనూరులో నాకొక చిన్న షెడ్డు ఉండేది. పెట్రోలు కూపన్ల మీద కొలిచి పోసేవాళ్ళు. అందుకని బాడుగ కార్లు వెనకాల బొగ్గు పొయ్యి తగిలించుకుని, దాని గ్యాసు మీద నడిచేవి. ఆ గ్యాసుకు పెట్రోలుకున్నంత సత్తువ లేదు. ఎత్తు వచ్చిందంటే ఎక్కినవాళ్ళు దిగి నెట్టాల్సిందే. ఇంజన్‌లో కంప్రెషన్ పెంచితే ఆ కొరత కొంత తీరేది. ఆ పనిలో నాకు పేరుండేది. పేరు కన్నా పొగరు ఎక్కువుండేది.

కుప్పం నుంచి ఒకతను తన కారు తెచ్చాడు. కుప్పం, పుంగనూరు, మదనపల్లె మధ్య బాడుగకు తిప్పేవాడు. భార్య ఏడాదిన్నరగా మదనపల్లెలో క్షయ ఆసుపత్రిలో ఉంది. బాడుగ దొరికినా దొరక్కపోయినా వారానికొకసారి ఆమెను చూసేందుకు ఆ దారిన వెళ్ళేవాడు. ఆరేళ్ళ కూతురు కుప్పంలో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. అంటుకునే జబ్బని పిల్లను తల్లి దగ్గరికి పంపేవాళ్ళు కాదు.

"అన్నా, బొగ్గు మీద బాగా లాగాల. అవసరానికి పెట్రోలు పోసినా పోవాల. రెండిటికీ సరిపొయ్యేట్టు కట్టు," అన్నాడు.

కష్టమంతా అక్కడే ఉంది. పిస్టన్ కిందికి దిగినప్పుడు దాని పైన ఉండే జాగా, అది పైకి వచ్చాక మిగిలే జాగాకు ఎన్ని రెట్లో అదే కంప్రెషన్. ఇంజన్ పైన మూతలా బిగించే హెడ్డు అడుగును లేతు మీద చెక్కితే మిగిలే జాగా తగ్గి కంప్రెషన్ పెరుగుతుంది. కాస్త ఎక్కువైనా బొగ్గు గ్యాసు ఓర్చుకుంటుంది, పెట్రోలు ఓర్చుకోదు. వేళ కాకముందే భగ్గుమని పిస్టన్ నెత్తిన మోదుతుంది. కాబట్టి చెక్కే ముందు ఆ జాగాను సరిగ్గా కొలవాలి. పిస్టన్‌ను పైకి తెచ్చి, హెడ్డు బిగించి, ప్లగ్గు రంధ్రంలోంచి మందుల ఔన్సు గ్లాసుతో నూనె పోసి, ఎంత పట్టిందో చూసేవాళ్ళం.

నాకు పని నేర్పింది మదనపల్లె మేస్త్రీ. ఇంట్లో ఉర్దూ, షెడ్డులో తెలుగు మాట్లాడే పెద్దాయన. హెడ్డు బిగించే ముందు పిస్టన్ అంచు చుట్టూ గ్రీజు పూయనిదే నూనె ముట్టనిచ్చేవాడు కాదు. "అరే, పాత రింగులు నూనె తాగతాయిరా. అవి తాగింది కూడా నీ లెక్కలో కలుస్తాది," అనేవాడు. పిస్టన్ చుట్టూ సందు మూసే ఆ రింగులు యుద్ధంలో కొత్తవి దొరక్క అందరం అరిగినవాటితోనే సరిపెట్టుకుంటున్నాం.

ఆ రోజు నా డబ్బాలో గ్రీజు అడుగంటింది. వీధి చివర మాంసం అంగట్లో కాస్త కొవ్వు అడిగి తెచ్చి పూసినా సరిపోయేది. వెళ్ళలేదు. ఇన్ని ఇంజన్లు కట్టినవాణ్ణి, నాకింకా ఈ పిల్లపాఠాలెందుకు అనుకున్నాను. పోస్తుంటే నూనె మట్టం దిగింది. దిగినప్పుడల్లా ఇంకొంచెం పోసి, దాన్నీ లెక్కలో వేసుకున్నాను. అలా ఉన్నదానికంటే ఎక్కువ జాగా తేలింది. ఆ లెక్క ప్రకారమే హెడ్డు చెక్కించాను.

బొగ్గు మీద కారు బ్రహ్మాండంగా లాగింది. మదనపల్లె దాటి గుర్రంకొండ దాకా ఒక్కరూ దిగకుండా పోయొచ్చానని అతను అందరికీ చెప్పుకున్నాడు. నేను పొంగిపోయాను.

రెండు నెలలకు ఆసుపత్రిలో ఆమెను ఇంటికి తీసుకెళ్ళమన్నారు. దాని అర్థం ఏమిటో ఆ రోజుల్లో అందరికీ తెలుసు. బిడ్డను ఒక్కసారి కళ్ళారా చూడాలని తప్ప ఆమె ఇంకేమీ అడగలేదట. అతను దాచుకున్న కూపన్లతో పెట్రోలు పోయించుకొని, పొయ్యి విప్పి నా షెడ్డులో పెట్టాడు.

"దానికి ఊపిరే ఆడదన్నా. ఈ బొగ్గు పొగలో యాడ కూసోబెట్టేది? పెట్రోలు మీదనే పోతా. ఇంజను ఒప్పుకుంటాదా?"

"నేను కట్టిన ఇంజనప్పా. కిరసనాయిలు పోసినా పోతాది," అన్నాను.

మర్నాడు ఆమెను ఎక్కించుకుని మదనపల్లె నుంచి తిరిగొస్తూ షెడ్డు ముందు ఆపాడు. వెనక సీట్లో దుప్పటిలో ఒక ముఖం, అంతే. "నా బిడ్డను సూస్తే అది నీ పున్నెమేనప్పా," అందామె. చేతులు జోడించబోయింది కానీ అవి పైకి లేవలేదు.

"ఎత్తులో టకటకమంటాండాదన్నా. పెట్రోలు బాగలేదేమో," అన్నాడతను. కదిలేటప్పుడు నేనూ విన్నాను. డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంది. పెట్రోలు వేళ కాకముందే భగ్గుమని పిస్టన్‌ను మోదుతున్న చప్పుడది. పొయ్యి పది అడుగుల దూరంలోనే ఉంది. ఒక గంటలో తిరిగి బిగించేసి ఉండవచ్చు. కానీ అందుకు నా తప్పు ఒప్పుకోవాలి, అదీ చేతులు జోడించబోయిన ఆ మనిషి ముందు. కారు వెళ్ళిపోయింది.

కుప్పం దారిలో గంగవరం చేరకముందే పిస్టన్‌కు చిల్లి పడింది. ఎద్దులబండి దొరికేసరికి పొద్దు వాలిందట. మరుసటి రోజు, కుప్పం ఇంకా రెండు ఆమడలుందనగా, ఆమె బండిలోనే పోయింది.

నెల తర్వాత అతను కారుకు ఎద్దులు కట్టి లాగించుకుని నా దగ్గరికే వచ్చాడు. హెడ్డు విప్పి, తిరగేసి, నూనె పోసి కొలిచాను. ఎంత ఎక్కువ చెక్కించానో తెలిసింది. అతను పక్కనే గొంతుక్కూర్చుని చూస్తున్నాడు.

"కల్తీ పెట్రోలు పోసి నా కొంప ముంచినారన్నా. నువ్వు కట్టిన ఇంజను కాబట్టి ఆ మాత్రమన్నా పోయింది," అన్నాడు. చిల్లి పడ్డ పిస్టన్‌ను చూస్తూ, "ఒకటే తృప్తి. దానికి పొగ తగలనీకుండా తీసుకొని పోయినా," అన్నాడు.

బొగ్గు మీదే వెళ్ళి ఉంటే, పొగలో దగ్గుకుంటూ అయినా, ఆ రాత్రికి ఆమె బిడ్డ పక్కన ఉండేది.

"అవునప్పా," అన్నాను.