పదకొండు గంటలకు ఖాళీగా కనిపించిన జాగా

మూతపడ్డ గోదాం, సగం కూలిన హాస్టలు, తాళం తుప్పుపట్టిన గదులు. సంస్థలకు ఇలాంటి ఆస్తులు ఎన్నో మూలన పడి ఉంటాయి. వాటిని ఏం చేసుకోవాలో చెప్పడం నా పని. లీజుకివ్వడం మేలా, కట్టడానికి అనుమతి వస్తుందా, మునిసిపాలిటీలో ఏ కాగితం పెట్టాలి, ఇవన్నీ చూసి రిపోర్టు రాసిస్తాను. ఉండేది వనపర్తిలో. చుట్టుపక్కల జిల్లాల్లో నాకు తెలియని పాడుబడ్డ ప్రహరీ లేదని గొప్పలు పోయేదాన్ని. నోటిదురుసు మనిషిని కూడా. ఎవరైనా ఎదురు చెబితే ఊరుకోను.

గద్వాలలో చేనేతవాళ్ల సంఘం ఒకటి నన్ను పిలిచింది. రోడ్డుమీదికి ఆఫీసు, దాని పక్కన ఎప్పుడో మూతపడ్డ రంగుల షెడ్డు, వెనక పొడవుగా బజారు దాకా పోయే ఖాళీ జాగా. నూలు దాచే గది కప్పు కారుతోంది. వానలు మొదలయ్యేలోపు కొత్త కప్పు వేయించాలి, లేకపోతే నూలంతా పాడైపోతుంది. ఉన్న ఆస్తిలో ఏది అక్కర్లేదో తేల్చి చెప్పమని సంఘం అధ్యక్షుడు అడిగారు.

మూడుసార్లు వెళ్లాను. నేను ఎక్కే బస్సు గద్వాల చేరేసరికి పదకొండు అయ్యేది. మూడుసార్లూ ఆ వెనక జాగాలో ఒక కుక్క తప్ప ఏమీ లేదు. రెండు చివర్లా నడుమెత్తు రాతి కడీలు పాతి ఉన్నాయి. టేపు పెట్టి కొలిచాను, ఫోటోలు తీశాను. వాడకంలో లేదు అని రాశాను. కడీలు ఒకప్పుడు పశువులను కట్టేయడానికి పాతినవి కావచ్చు, పీకేయవచ్చు అని కూడా రాశాను. అక్కడ వరసగా షాపులు కట్టుకునేలా దీర్ఘకాలం లీజుకిస్తే వచ్చే డబ్బుతో కప్పు పని అయిపోతుందని సలహా ఇచ్చాను. కొత్తకోటలో టైర్ల వ్యాపారం చేసే ఒకాయన తీసుకోవడానికి సిద్ధమయ్యాడు కూడా.

ఇక సభ్యులంతా చేతులెత్తి ఒప్పుకోవడమే మిగిలింది. మగ్గాల మీద కూర్చునే వేళ పోకుండా మీటింగు పొద్దున ఎనిమిదికి పెట్టారు. అందుకని మొదటిసారి నేను తొలి బస్సెక్కాను. ఆరున్నరకల్లా అక్కడున్నాను. టీ తాగి, ఊరికే ఇంకోసారి చూద్దామని వెనక్కి నడిచాను.

ఈ కడీ నుంచి ఆ కడీ దాకా తెల్లటి నూలు సాగదీసి ఉంది. పడుగు. చీర నేయడానికి మగ్గం మీద పొడవుగా ఎక్కించే దారం. అటొకరు ఇటొకరు ఇద్దరు ఆడవాళ్లు పెద్ద బ్రష్షులతో దానికి గంజి పట్టిస్తూ నడుస్తున్నారు. పెద్దావిడకు అరవై ఉంటాయి. ఇది రోజూ ఉంటుందా పెద్దమ్మా అని అడిగాను. ఆమె చెయ్యి ఆపలేదు.

"రోజు ఉంటది. తెల్లారంగ మొదలువెడ్తం, ఎండెక్కేలోపు ఎత్తేస్తం. ఎండల గంజి వెడ్తే దారం పెళపెళ తెగుతది."

మిగతాది అడుగుతూ పోతే తెలిసింది. ముందు వీధిలోనే చేసేవాళ్లట. ఆటోలు, బండ్లు ఎక్కువయ్యాక ఆమె భర్తే ఇక్కడ కడీలు పాతాడు. ఆయన పోయాక కోడల్ని పెట్టుకుని ఆమే ఆ వాడకట్టు మగ్గాలన్నిటికీ పడుగులు చేస్తోంది. ఇల్లు గడిచేది ఆ పని మీదే. ఈ పొడవున్న చోటు ఆ చుట్టుపక్కల ఇంకోటి లేదు. సంఘంలో సభ్యత్వం భర్త పేరు మీద ఉండేది, ఆయనతోనే పోయింది. ఏవో షాపులు కడతారని విన్నదట గానీ ఇక్కడేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నాకు కోపం నెత్తికెక్కింది. తిన్నగా అధ్యక్షుడి దగ్గరికి పోయి, ఇంత ముఖ్యమైన సంగతి నాతో ఒక్క ముక్క అనలేదేమండీ అని దులిపేశాను. ఆయన నా వంక వింతగా చూశారు.

"మీరు మూడుమార్లు వచ్చి కొల్చుకపోయిన్రు మేడం. మీకు తెల్వదని మాకెట్ల తెలుస్తది?"

ఆయన అక్కడితో ఆగలేదు. టైర్లాయన కాగితాలతో దిగాడు, వానలు ముంచుకొస్తున్నాయి, పడుగులు ఎక్కడో ఒకచోట చేసుకుంటారు, ఇప్పుడు మాట మారిస్తే పోయేది మీ పేరే అన్నారు. అది నిజమే. ఒక సంఘంలో పేరు పోతే ఇంకో సంఘం పిలవదు. మీటింగుకు ఇంకా అరగంట ఉంది.

ఆ అరగంట మొత్తం ఆస్తి చుట్టూ పిచ్చిదానిలా తిరిగాను. రంగుల షెడ్డును ఎవరూ వాడటం లేదు. ఆఫీసులో రోడ్డువైపు రెండు గదులు. ఒకదాంట్లో విరిగిన కుర్చీలు. రెండోది అధ్యక్షుడి గది, మీటింగు రోజున తప్ప తెరవరు. ఇవి నాకు మొదటి రోజే తెలుసు. నన్ను పిలిచిన మనిషి కుర్చీ ఉన్న గదిని అక్కర్లేనిదని రాయడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇంత నోరున్న నాకు! అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

జంపఖానా మీద సభ్యులు కూర్చున్నారు. టైర్లాయన కుర్చీలో. అందరూ మగవాళ్లే. తీర్మానం చదవడం అయింది, చేతులెత్తమన్నారు. ముందు వరసలో రెండు చేతులు లేచాయి. నేను లేచి నిలబడ్డాను.

"వెనక జాగా గురించి నేను రాసింది తప్పు. అది ఖాళీ జాగా కాదు. నేను చూడకుండా రాశాను."

ఎత్తిన చేతులు అలాగే ఉన్నాయి. వెనక నుంచి ఒక నేతాయన మెల్లగా, మేడం అంత కొలిచి రాసిందంటే పడుగులకు వేరే చోటు చూపించే ఉంటుందని అనుకున్నామన్నాడు. చాలామంది తలలూపారు. అందరూ అదే అనుకున్నారు. లీజుకివ్వాల్సింది షెడ్డూ, రోడ్డువైపు రెండు గదులూ అని చెప్పాను. అధ్యక్షుడి మొహం ఎర్రబడింది. టైర్లాయన తనకు షెడ్డు సరిపోదని, ఆలోచించుకుని చెబుతానని లేచి వెళ్లిపోయాడు. కప్పు పని మళ్లీ మొదటికొచ్చింది.

ఆ జాగాను ముట్టుకోవద్దని ఒక్కొక్కటిగా చేతులు లేచాయి. అధ్యక్షుడు ఎత్తలేదు. ఆ వానాకాలం నూలు గది మీద టార్పాలిన్ కప్పారు. షెడ్డు లీజుకు పోవడానికి దసరా దాటింది.

మీటింగయ్యాక బయటికొస్తే పెద్దమ్మ గుమ్మం పక్కన నిలబడి ఉంది. చేతుల మీద గంజి ఎండి తెల్లగా పొరలు లేస్తోంది. లోపలి మాటలన్నీ విన్నది. నన్ను మెచ్చుకుంటుందనే అనుకున్నాను, ఎందుకు అబద్ధం చెప్పాలి. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"గిట్ల పగటాల వచ్చి చూసి, ఇంకెన్ని ఊర్లల్ల రాసినవ్ బిడ్డా?"

నాగర్‌కర్నూల్‌లో ఒక ట్రస్టుకు చెందిన ఆవరణ గుర్తొచ్చింది. అక్కడికి నేను వెళ్లింది మధ్యాహ్నం ఒంటిగంటకు, అదీ ఒక్కసారే. అక్కడా వాడకంలో లేదనే రాశాను. ఆ మాట మీదే వాళ్లు గోడ కట్టేశారు, షాపులు కూడా తెరిచారు. గోడ కట్టకముందు పొద్దున పూట అక్కడికి ఎవరు వచ్చేవాళ్లో, ఏం చేసుకునేవాళ్లో నాకు తెలియదు. తెలియదు పెద్దమ్మా అనే ఆమెకూ చెప్పాను.